బస్తీ పిల్లలకు మెంటర్‌గా ఉండటం: తరచుగా అడిగే ప్రశ్నలు

కొత్త మెంటర్లు చేరిన ప్రతిసారీ మాకు అవే ప్రశ్నలు వస్తాయి. కొన్ని మీటింగ్‌లో అడుగుతారు, కొన్ని రాత్రి పదింటికి ఫోన్ చేసి అడుగుతారు. హైదరాబాద్ బస్తీల్లో 12 నుంచి 18 ఏళ్ల పిల్లలతో పనిచేసే చిన్న బృందం మాది. వాలంటీర్లు, తల్లులు, కొన్నిసార్లు పిల్లలే అడిగిన సందేహాలను ఒకచోట చేర్చాం. ఏ ప్రశ్నకు ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు.

## మొదలుపెట్టే ముందు

మెంటర్ అంటే ట్యూషన్ చెప్పే సారా, కౌన్సెలరా?

రెండూ కాదు. బస్తీలో పిల్లలు మెంటర్ అనరు, అన్న అంటారు, అక్క అంటారు. ఆ పిలుపులోనే పని ఏమిటో ఉంది. ఇంటి మనిషి కాకపోయినా, వస్తానన్న రోజున వచ్చే పెద్దవాళ్లు ఒకరు ఆ పిల్లాడికి ఉండాలి. అంతే. లెక్కల్లో డౌట్ ఉంటే చెప్పండి, రాకపోతే ఇద్దరూ కలిసి ఇంకొకరిని అడగండి. హవాయిలోని కవాయి దీవిలో 1955లో పుట్టిన 698 మంది పిల్లలను పరిశోధకులు దశాబ్దాల పాటు గమనించారు. పేదరికం, ఇంట్లో గొడవలు, తాగుడు మధ్య పెరిగిన పిల్లల్లో దాదాపు మూడోవంతు మంది నిలదొక్కుకున్నారు. వాళ్లలో తరచుగా కనిపించిన విషయం ఒకటి ఉంది. అమ్మమ్మో, టీచరో, పొరుగింటి మనిషో, తమను పట్టించుకునే పెద్దవాళ్లు ఒక్కరైనా వాళ్లకు ఉన్నారు.

"అట్-రిస్క్" (చిక్కుల్లో పడే ప్రమాదం ఉన్న) పిల్లలు అంటే ఎవరు? చూడగానే తెలిసిపోతుందా?

తెలియదు. జుట్టు కలర్ వేసుకున్నాడనో, చెవిపోగు పెట్టుకున్నాడనో ముద్ర వేయకండి. చూడాల్సినవి వేరే ఉన్నాయి. స్కూలుకు వారంలో రెండు మూడు రోజులే వెళ్లడం, అమ్మ తెల్లవారుజామునే అపార్ట్‌మెంట్ పనికి వెళ్తే ఇంట్లో పెద్దవాళ్లెవరూ లేకపోవడం, నాన్న తాగుడు, ఇంట్లో ఒకరి మీద కేసు, రాత్రిళ్లు క్యాటరింగ్ పని, అమ్మాయి అయితే పదో తరగతిలోనే సంబంధాల మాట. వీటిలో ఒక్కటి ఉంటే కంగారు లేదు. నాలుగైదు ఒకే ఇంట్లో కలిస్తేనే అసలు భయం. ఒక్క మాట: ఈ "రిస్క్" అనే పదం మన రిజిస్టర్‌లోనే ఉండాలి. పిల్లాడి చెవిన ఎప్పుడూ పడకూడదు.

ఇలాంటి కార్యక్రమాల వల్ల నిజంగా ఫలితం ఉంటుందా, లేక మన తృప్తి కోసమేనా?

రెండు రకాల ఉదాహరణలూ ఉన్నాయి, రెండూ తెలుసుకుని దిగడం మంచిది.

అమెరికాలో 1904లో న్యూయార్క్ నుంచి మొదలైన "బిగ్ బ్రదర్స్ బిగ్ సిస్టర్స్" మీద 1995లో ఒక పెద్ద అధ్యయనం వచ్చింది. 10 నుంచి 16 ఏళ్ల పిల్లలు 959 మందిని రెండు గుంపులుగా చేసి, ఒక గుంపుకు వెంటనే మెంటర్లను ఇచ్చారు, ఇంకో గుంపును వెయిటింగ్‌లో ఉంచారు. ఏడాదిన్నర తర్వాత చూస్తే, మెంటర్ ఉన్నవాళ్లు డ్రగ్స్ మొదలుపెట్టే అవకాశం 46 శాతం, మద్యం మొదలుపెట్టే అవకాశం 27 శాతం తక్కువగా ఉంది. స్కూలు ఎగ్గొట్టడం కూడా తగ్గింది.

ఇప్పుడు రెండో వైపు. మసాచుసెట్స్‌లో 1939లో మొదలైన కేంబ్రిడ్జ్-సోమర్విల్ కార్యక్రమంలో వందలాది మగపిల్లలకు ఏళ్ల తరబడి సలహాదారులను ఇచ్చారు. కార్యక్రమం ముగిసిన దాదాపు 30 ఏళ్ల తర్వాత వాళ్లను మళ్లీ వెతికి చూశారు. 1978లో వచ్చిన ఫలితాల్లో ఆ సాయం పొందినవాళ్లు మిగతావాళ్ల కంటే మెరుగ్గా లేరు, కొన్ని విషయాల్లో అధ్వానంగా ఉన్నారు. అక్కడ మంచి మనసుకు కొదవ లేదు. అయినా అలా జరిగింది.

అన్నిటికంటే నన్ను భయపెట్టేది ఆ బిగ్ బ్రదర్స్ పిల్లల మీదే 2002లో వచ్చిన ఫలితం. ఏడాదికి పైగా నిలబడిన మెంటర్-పిల్లల జతల్లోనే పిల్లలకు ఎక్కువ మేలు జరిగింది. మూడు నెలల లోపే తెగిపోయిన జతల్లో పిల్లలకు తమ మీద తమకున్న విలువ తగ్గింది. అంటే మధ్యలో వదిలేసే మెంటర్ కంటే అసలు మెంటర్ లేకపోవడమే నయం. మా నియమాలన్నీ ఈ ఒక్క విషయం చుట్టూ కట్టుకున్నవే.

నేను ఐటీ జాబ్ చేస్తాను. ఎంత టైం ఇవ్వాలి?

వారానికి గంట నుంచి గంటన్నర, ఒకే రోజు, ఒకే వేళ, కనీసం ఒక ఏడాది. ఆరు నెలల్లో ఆన్‌సైట్ ఉందనుకుంటే, పెళ్లై వేరే ఊరు వెళ్తాననుకుంటే, దయచేసి ఇప్పుడు చేరకండి. పుస్తకాలు సర్దడం, పరీక్ష ఫీజుల ఫారాలు నింపడం లాంటి పనులు బోలెడున్నాయి, అవి చేయండి. పిల్లాడి జీవితంలోకి మాత్రం రాకండి. ఈ మాట కటువుగా అనిపిస్తే క్షమించండి. వెళ్లిపోయిన అన్న కోసం ఆదివారాలు కమ్యూనిటీ హాల్ మెట్ల మీద కూర్చున్న పిల్లాడిని నేను చూశాను.

మా బస్తీలోనే మొదలుపెట్టాలంటే ముందు ఎవరిని కలవాలి?

ప్రభుత్వ స్కూలు హెచ్ఎం గారిని, అంగన్‌వాడీ టీచర్‌ను, ఆశా వర్కర్‌ను, మహిళా సంఘం లీడర్లను. ఎవరింట్లో ఏం జరుగుతోందో వీళ్లకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. తర్వాత స్టేషన్‌కు వెళ్లి ఇన్‌స్పెక్టర్ గారికి మీరెవరో చెప్పి రండి. జిల్లా బాలల సంరక్షణ విభాగానికి ఒక లెటర్ ఇవ్వండి. రాజకీయ నాయకుల సాయం వద్దనను. కానీ ఫ్లెక్సీ మీద పిల్లల ఫొటోలు పడితే ఆ కార్యక్రమం ఆ పార్టీది అయిపోతుంది, సగం ఇళ్ల తలుపులు మూసుకుపోతాయి.

రంగారెడ్డి జిల్లాలో ఎం.వెంకటరంగయ్య ఫౌండేషన్ 1990ల మొదటి నుంచి పనిలో ఉన్న పిల్లలను బడికి తెచ్చిన తీరు చూడండి. ఆ పనికి నాయకత్వం వహించిన శాంతా సిన్హా గారికి 2003లో మెగసెసే అవార్డు వచ్చింది. వాళ్లు ఇంటింటికీ తిరిగి, తల్లిదండ్రులతో మాట్లాడి, ఊరంతా "పిల్లలు బడిలోనే ఉండాలి" అనేదాకా తెచ్చారు. బయటివాళ్లం వెళ్లి ఉద్ధరించడం కాదు, ఆ చోటు తానే పూనుకునేలా చేయడం. మీరూ ఐదు జతలతో మొదలుపెట్టండి. మొదటి ఏడాదే యాభై జతలు కలపాలనుకునేవాళ్లను చూస్తే నాకు టెన్షన్.

పోలీస్ వెరిఫికేషన్ ఎందుకు? నేను మంచివాడినే కదా?

మీరు మంచివారే. కానీ పిల్లలకు దగ్గరవ్వాలనుకునే చెడ్డవాళ్లు కూడా సరిగ్గా ఇలాంటి చోట్లకే వస్తారు, వాళ్లు కూడా ఇదే మాట అంటారు. అందుకని అందరికీ ఒకటే రూల్. పోలీస్ వెరిఫికేషన్, తెలిసిన ఇద్దరి హామీ, ఒక ఇంటర్వ్యూ. కలిసేది నలుగురికీ కనిపించే చోటే. తలుపులు మూసిన గది వద్దు, మెంటర్ ఇల్లు వద్దు, తల్లిదండ్రుల అనుమతి లేకుండా బండి మీద ఎక్కించుకోవడం వద్దు. అమ్మాయిలకు మహిళా మెంటర్లే. ఈ నియమాలు పిల్లలతో పాటు మిమ్మల్నీ కాపాడతాయి.

## జత కుదిర్చేటప్పుడు

ఏ పిల్లాడికి ఏ మెంటర్ అని ఎలా నిర్ణయిస్తారు?

ముందు భాష. బస్తీలో ఒక గల్లీ పాలమూరు తెలుగు మాట్లాడితే, పక్క గల్లీ శ్రీకాకుళం యాస, దాని వెనక ఉర్దూ, ఆ చివర లంబాడీ. కోపంలో పిల్లాడు ఏ భాషలో తిడతాడో ఆ భాష మెంటర్‌కు అర్థం కావాలి. తర్వాత దూరం. గంట బస్సులో వచ్చే మెంటర్ వానాకాలంలో రాలేడు. ఆ తర్వాతే ఇష్టాలు, క్రికెట్టా, డ్యాన్సా, బండ్లా అని. ముగ్గురు నలుగురు మెంటర్లతో ఒక మధ్యాహ్నం ఆడించి, ఎవరితో కలవాలనుందో పిల్లాడినే అడుగుతాం. వాడు చూపించిన మనిషి మేమనుకున్న మనిషి అవడం చాలా అరుదు.

మా బాబును మీ దగ్గరికి పంపితే ఏమైనా కేసుల్లో పేరు ఎక్కుతుందా? డబ్బులు కట్టాలా?

లేదమ్మా. ఒక్క రూపాయి కట్టక్కర్లేదు. ఏ కేసులోనూ పేరు ఎక్కదు. మీ సంతకం లేకుండా మొదలుపెట్టం, మీరు వద్దంటే ఆ రోజే ఆపేస్తాం. మీ మతం, కులం, పార్టీ జోలికి రాము. మెంటర్ ఫోన్ నంబర్, అడ్రస్ మీ దగ్గర ఉంటాయి. నెలకోసారి మీ పని అయ్యాక వచ్చి మీతో మాట్లాడతారు. మీ పిల్లాడిని మీ నుంచి తీసుకోవడానికి కాదు, మీరు పనిలో ఉన్న వేళ ఇంకొకరు కూడా చూసుకోవడానికి.

"అన్నా, నేనేం తప్పు చేశానని నన్ను పిలిచారు?"

ఏ తప్పూ చేయలేదు. మీ సార్‌కో, మీ అమ్మకో నువ్వంటే ఇష్టం, నీ గురించి మాకు చెప్పారు. ఇష్టం లేకపోతే రానవసరం లేదు, ఎవరూ ఏమీ అనరు. నాలుగు వారాలు వచ్చి చూడు. తర్వాత కొనసాగించాలా వద్దా నువ్వే చెప్పు.

## మొదటి మూడు నెలలు

మొదటి రోజు ఏం మాట్లాడాలి?

తక్కువ మాట్లాడండి. "పెద్దయ్యాక ఏమవుతావ్?", "మీ నాన్న ఏం చేస్తాడు?" ఈ రెండూ వద్దు. మొదటిదానికి "ఐపీఎస్" అని అప్పజెప్తారు, రెండోదానికి తల దించుకుంటారు. చేతులకు పని ఉంటే మాట దానంతటదే వస్తుంది. క్యారమ్స్ ఆడండి, సైకిల్ పంక్చర్ వేయించండి, బండి దగ్గర నిలబడి మిర్చి బజ్జీ తినండి.

నాకు జతగా వచ్చిన మొదటి పిల్లాడు మెకానిక్ షెడ్‌లో పనిచేసేవాడు. రెండు వారాలు చేతులు బల్ల కింద పెట్టుకుని కూర్చున్నాడు. గోళ్ల చుట్టూ నల్లగా గ్రీజు, సిగ్గు. మూడో వారం నా బండి స్టార్ట్ అవలేదు. "అన్నా, ప్లగ్ తీయాలె" అన్నాడు. తీశాడు, చొక్కా అంచుతో తుడిచాడు, కొన మీద మసి చూపించి పెట్రోల్ ఎక్కువైతే ఇలా పడుతుందని చెప్పాడు. బండి స్టార్టయింది. ఆ రోజు వాడు టీచరు, నేను స్టూడెంట్‌ని. తర్వాత చేతులు బల్ల మీదే పెట్టాడు.

ఎన్నిసార్లు వెళ్లినా వాడు రావడం లేదు. మానేయమంటారా?

వద్దు. చాలామంది పిల్లలు మొదట్లో ఇలాగే పరీక్షిస్తారు. వాళ్ల జీవితంలో "వస్తా" అని చెప్పి రానివాళ్లు చాలామంది ఉన్నారు, మీరూ ఆ బాపతేనా అని చూస్తారు. గల్లీ మూల నుంచి తొంగి చూసి వెళ్లిపోతారు కూడా. మీరు గంటసేపూ అక్కడే కూర్చోండి. వెళ్లేటప్పుడు వాళ్ల ఇంట్లో గానీ స్నేహితుడికి గానీ చెప్పి వెళ్లండి: "వచ్చే ఆదివారం నాలుగింటికి ఇక్కడే ఉంటా." కోపం, దెప్పిపొడుపు వద్దు. ఐదారు వారాలు ఇలా చేశాక కూడా రాకపోతే కోఆర్డినేటర్ ఇంటికి వెళ్లి మాట్లాడతారు. బోనాల ఆదివారాలు, వినాయకచవితి నుంచి నిమజ్జనం దాకా ఉన్న రోజులు లెక్కలోకి తీసుకోకండి. తీన్మార్ మోగుతుంటే ఏ పిల్లాడూ రాడు. మీరే మండపం దగ్గరికి వెళ్లండి.

డబ్బులు అడుగుతున్నాడు. ఇవ్వాలా?

చేతికి నగదు ఇవ్వకండి, వందైనా సరే. ఇచ్చిన రోజు నుంచి మీరు అన్న కాదు, అప్పిచ్చేవాళ్లు. కాదనేటప్పుడు మాత్రం ముఖం చిట్లించకండి. "డబ్బులు ఇవ్వకూడదని మా రూల్. ఎందుకు కావాలో చెప్పు, కలిసి ఆలోచిద్దాం" అనండి. అడిగిన వంద వెనక ఇంట్లో బియ్యం లేకపోవడం ఉండొచ్చు, ఎవరో బెదిరించడం ఉండొచ్చు. పరీక్ష ఫీజు, మందులు లాంటివైతే బృందం తరఫున నేరుగా కట్టొచ్చు. టీ, సమోసా మీ ఇష్టం.

ఇన్‌స్టాలో ఫాలో అవ్వొచ్చా?

వద్దు. ఫోన్ నంబర్ ఇవ్వండి, ఆ సంగతి వాళ్ల అమ్మకు తెలిసి ఉండాలి. రాత్రి తొమ్మిది తర్వాత చాటింగ్ వద్దు, ఆపద అయితే కాల్. పిల్లాడి ఫొటో మీ స్టేటస్‌లో ఎప్పుడూ పెట్టకండి.

## చిక్కులు వచ్చినప్పుడు

నోటి దగ్గర గంజాయి వాసన వస్తోంది, జేబులో వైట్‌నర్ గుడ్డ ఉంది. ఇంట్లో చెప్పాలా, పోలీసులకు చెప్పాలా?

ముందు మీరు కంగారు పడకండి. వైట్‌నర్, సొల్యూషన్ లాంటివి పీల్చి అప్పుడే మత్తులో ఉన్న పిల్లాడిని అరిచి, తరిమి, భయపెట్టకూడదు. ఆ స్థితిలో ఒక్కసారిగా భయపడినా, పరిగెత్తినా గుండె లయ తప్పి ప్రాణం పోయే ప్రమాదం ఉంది. మెల్లగా గాలి తగిలే చోట కూర్చోబెట్టి పక్కనే ఉండండి. స్పృహ తప్పితే 108.

మత్తు దిగాక, ఆ రోజు కాకపోతే మరుసటి రోజు మాట్లాడండి. "ఎందుకు చేశావ్?" అనకండి, జవాబు రాదు. "ఎప్పుడెప్పుడు పీలుస్తావ్, ఎవరు ఉంటారు, తర్వాత ఎలా ఉంటుంది?" అని అడగండి. ఆకలి తెలియకుండా ఉండటానికి అని చెప్పిన పిల్లలు ఉన్నారు. అలాంటివాడికి ఉపన్యాసం కంటే ముందు రాత్రి భోజనం కావాలి.

తర్వాత వైద్యం. మత్తు మాన్పించడానికి ఉచిత హెల్ప్‌లైన్ 14446. ఎర్రగడ్డ ఆసుపత్రిలో కూడా ఈ చికిత్స ఉంది. ఆ పేరు వింటేనే "పిచ్చాసుపత్రి" అని ఇళ్లలో భయపడతారు, అందుకే మొదటిసారి మీరూ వెంట వెళ్లండి. మద్యం గానీ, మత్తు కోసం నొప్పి మాత్రలు గానీ రోజూ వాడేవాళ్లను ఇంట్లో కట్టేసి ఒక్కసారిగా మాన్పించడం ప్రమాదం, డాక్టర్ చేతిలోనే జరగాలి.

ఇంట్లో చెప్పే ముందు పిల్లాడితో "నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా, ఇద్దరం కలిసి చెబుదామా?" అని అడగండి. దాచడం మాత్రం కుదరదు. పోలీసుల విషయానికొస్తే, చెప్పాల్సింది అమ్మేవాడి గురించి. పిల్లలకు మత్తు పదార్థాలు, మద్యం, పొగాకు ఇచ్చినవాళ్లకు 2015 బాలల న్యాయ చట్టంలో ఏడేళ్ల దాకా కఠిన జైలుశిక్ష ఉంది.

ఇంట్లో కొడుతున్నారనో, ఎవరో తప్పుగా తాకారనో చెబితే ఏం చేయాలి?

వినండి. మధ్యలో ఆపకండి, పదే పదే అడగకండి, వివరాలు తవ్వకండి. "నాకు చెప్పి మంచి పని చేశావ్. ఇందులో నీ తప్పు లేదు" అనండి. "ఎవరికీ చెప్పను" అని మాత్రం మాట ఇవ్వకండి, నిలబెట్టుకోలేరు. లైంగిక వేధింపు అయితే, 2012 పోక్సో చట్టం ప్రకారం విషయం తెలిసిన ప్రతి ఒక్కరూ పోలీసులకు తెలియజేయాలి. తెలియజేయకపోవడం నేరం, ఆరు నెలల దాకా జైలు పడొచ్చు. ఇంటి పరువు, బస్తీ పెద్దల పంచాయితీ ఇక్కడ చెల్లవు. పిల్లాడు అన్న మాటలు అన్నట్టుగానే రాసిపెట్టి, కోఆర్డినేటర్‌కు అప్పుడే ఫోన్ చేయండి. 1098 చైల్డ్ హెల్ప్‌లైన్ రాత్రీపగలూ పనిచేస్తుంది, ఉచితం. ప్రాణాపాయం అయితే 112. పిల్లాడు ఆ రాత్రి ఎక్కడ పడుకుంటాడన్నది తేలేదాకా మీరు ఇంటికి వెళ్లకండి.

మా పిల్లాడిని పోలీసులు పట్టుకెళ్లారు. మెంటర్‌గా నేనేం చేయాలి?

వాళ్ల అమ్మను తీసుకుని స్టేషన్‌కు వెళ్లండి. గొడవ పెట్టుకోవద్దు, మర్యాదగా, గట్టిగా మాట్లాడండి. తెలుసుకోవాల్సినవి ఇవి. 18 ఏళ్లు నిండని పిల్లలను లాకప్‌లో గానీ జైల్లో గానీ పెట్టకూడదు. ప్రతి స్టేషన్‌లోనూ పిల్లల వ్యవహారాలు చూసే పోలీసు అధికారి ఉండాలి, ఆయన్ను అడగండి. 24 గంటల్లోపు పిల్లల కేసులు చూసే జువెనైల్ జస్టిస్ బోర్డు ముందు హాజరుపరచాలి, ప్రయాణ సమయం ఇందులో కలవదు. పిల్లలకు బెయిల్ ఇవ్వడమే నియమం, నిరాకరిస్తే బోర్డు కారణం రాయాలి. లాయర్ ఖర్చు లేదు, జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఇస్తుంది, హెల్ప్‌లైన్ 15100.

వెళ్లేటప్పుడు వయసు రుజువు పట్టుకెళ్లండి. స్కూలు ఇచ్చిన పుట్టిన తేదీ సర్టిఫికెట్, టెన్త్ మెమో, అవి లేకపోతే మున్సిపాలిటీ బర్త్ సర్టిఫికెట్. అందరూ ముందు ఆధార్ తీస్తారు, కానీ చట్టం చెప్పిన రుజువుల్లో అది లేదు. ఈ కాగితాల జిరాక్స్ ప్రతి పిల్లాడిదీ ఫైల్‌లో ముందే పెట్టుకోవాలని మేం చాలా ఆలస్యంగా తెలుసుకున్నాం. పిల్లాడి పేరు, ఫొటో, స్కూలు పేరు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టనివ్వకండి. పిల్లాడు ఎవరో తెలిసేలా బయటపెడితే ఆరు నెలల దాకా జైలు, లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ.

ఇవన్నీ అయ్యాక వచ్చే ఆదివారం నాలుగింటికి మీ చోట మీరు ఉండండి. వాడు మీ ముఖం చూడలేక రాకపోవచ్చు. అప్పుడు మీరే వాడి ఇంటికి వెళ్లండి.

అమ్మాయికి పదహారేళ్లే, ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. ఎలా ఆపాలి?

ముందు ఎందుకో కనుక్కోండి. అమ్మ పనికి వెళ్తే ఒంటరిగా ఉంటుందన్న భయమా, ఎవరైనా వెంటపడుతున్నారా, కట్నం తక్కువకు వచ్చే సంబంధమా? భయం అయితే కస్తూర్బా విద్యాలయంలోనో, గురుకులంలోనో, హాస్టల్‌లోనో సీటు దొరికితే సగం సమస్య తీరిపోతుంది. తెలంగాణలో కల్యాణలక్ష్మి, షాదీ ముబారక్ కింద ఇచ్చే 1,00,116 రూపాయలు 18 ఏళ్లు నిండిన అమ్మాయికే వస్తాయి. చట్టం కంటే ఈ మాట చాలా ఇళ్లలో త్వరగా పనిచేస్తుంది. మాటలతో ఆగకుండా ముహూర్తం దాకా వస్తే 1098కి చెప్పండి. 2006 బాల్యవివాహ నిషేధ చట్టం ప్రకారం అమ్మాయికి 18, అబ్బాయికి 21 నిండాలి. మీరు ఫోన్ చేసినందుకు అమ్మాయి మీద నింద పడకుండా జాగ్రత్త పడండి.

వాడి కష్టాలు విని నాకే రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు.

అలా జరుగుతుంది. మంచి మెంటర్లకే జరుగుతుంది. నెలకోసారి మెంటర్ల కూడిక అందుకే పెట్టాం, అది ఎగ్గొట్టకండి. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ-మానస్ 14416కి ఎవరైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

## చదువు, పని

ఎనిమిదిలో మానేశాడు, ఇప్పుడు పదహారేళ్లు. మళ్లీ చదువు కుదురుతుందా?

కుదురుతుంది. 6 నుంచి 14 ఏళ్ల వాళ్లయితే విద్యాహక్కు చట్టం కింద వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలి, వెనకబడిన చదువుకు ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. పదహారేళ్ల వాడికి సార్వత్రిక విద్యాపీఠం (ఓపెన్ స్కూల్) మంచి దారి, తెలంగాణలో అయినా ఆంధ్రప్రదేశ్‌లో అయినా. 14 నిండితే ఓపెన్ టెన్త్‌కు కట్టొచ్చు. పని చేసుకుంటూ చదవొచ్చు, సబ్జెక్టులు కొన్ని ఇప్పుడు, కొన్ని తర్వాత రాయొచ్చు. ఎనిమిది పాసైతే ఐటీఐలో కొన్ని ట్రేడులకూ అర్హత ఉంటుంది.

చేర్పించడం ఒక్క రోజు పని. నిలబెట్టడమే అసలు పని. ఫీజు కట్టి పుస్తకాలు అటక మీద పెట్టేవాళ్లే ఎక్కువ. మీ ఆదివారం గంటలో ఇరవై నిమిషాలు ఒక్క పేజీ చదవండి. వాడు గట్టిగా చదవడానికి సిగ్గుపడితే మీరు ఒక లైను, వాడు ఒక లైను.

వాడు పనికి వెళ్తేనే ఇల్లు గడుస్తుంది. చదువుకో అని ఏ ముఖంతో చెప్పాలి?

చెప్పకండి, ముందు లెక్క వేయండి. వాడు నెలకు ఎంత తెస్తున్నాడు, అందులో అమ్మ చేతికి ఎంత, కిస్తీకి ఎంత, నాన్న తాగుడుకు ఎంత. కాగితం మీద రాస్తే దారి కనబడుతుంది. 14 ఏళ్ల లోపు పిల్లలను పనిలో పెట్టుకోవడం నేరం, బడి అయ్యాక సొంత కుటుంబం పనిలో సాయానికి మాత్రం మినహాయింపు ఉంది. 14 నుంచి 18 ఏళ్ల వాళ్లను ప్రమాదకరమైన పనుల్లో పెట్టకూడదు. తండ్రి లేని, లేదా కుటుంబం బాగా కష్టంలో ఉన్న పిల్లలకు మిషన్ వాత్సల్య అనే ప్రభుత్వ పథకం స్పాన్సర్‌షిప్ కింద నెలకు 4,000 రూపాయలు వచ్చే అవకాశం ఉంది, జిల్లా బాలల సంరక్షణ విభాగంలో దరఖాస్తు పెట్టించండి.

అన్నీ ఒకేసారి మారవు. ఫంక్షన్ హాల్లో క్యాటరింగ్‌కు వెళ్లే పిల్లాడు ఒకడు ఉండేవాడు. పెళ్లిళ్ల సీజన్‌లో తెల్లవారుజామున రెండింటికి ఇంటికొచ్చేవాడు, ఒంటి నిండా సాంబారు వాసనతో. పొద్దున స్కూల్లో నిద్ర, టీచర్ తిట్లు, ఆఖరికి స్కూలే మానేశాడు. పని పూర్తిగా మాన్పించలేకపోయాం. సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా మందుల షాపులో పని కుదిరింది, డబ్బు కొంచెం తగ్గింది, నిద్ర మిగిలింది. నిద్ర మిగిలితే స్కూలు మిగిలింది. నేను చూసిన మంచి మార్పుల్లో చాలావరకు ఇంత చిన్నవే.

## చివరి దశ

నాకు ట్రాన్స్‌ఫర్ అయింది. వాడికి ఎలా చెప్పాలి?

తెలిసిన వారమే, మీ నోటితోనే, ఎదురుగా కూర్చుని. కనీసం రెండు నెలల ముందు చెబితే కోపం చూపించడానికి వాడికి సమయం ఉంటుంది. ఒకట్రెండు వారాలు రాడు, వచ్చినా మాట్లాడడు. అది మామూలే, మీరు రావడం ఆపకండి. చివరి నెలలో కొత్త మెంటర్‌ను మీరే వెంటబెట్టుకుని తెచ్చి పరిచయం చేయండి. "మళ్లీ వస్తా, రోజూ ఫోన్ చేస్తా" అనకండి. నెలకోసారి చేయగలరా? అయితే నెలకోసారి అనే చెప్పండి, ఏ ఆదివారమో కూడా చెప్పండి. చివరి రోజు ఖరీదైన గిఫ్ట్ వద్దు. ఒక ఉత్తరం రాసివ్వండి, వాడిలో మీరు చూసిన మంచిని ఫలానా రోజు, ఫలానా పని అని పేరుపెట్టి రాయండి. ఆ మెకానిక్ షెడ్ పిల్లాడు అలాంటి కాగితాన్ని ఆధార్ కార్డుతో పాటు పాలిథీన్ కవర్లో పెట్టుకున్నాడు.

డబ్బులిచ్చేవాళ్లు రిజల్ట్ చూపించమంటున్నారు. ఏం చూపించాలి?

ఎన్ని జతలు కలిపారన్నది చూపించకండి, ఏడాది దాటి ఎన్ని నిలిచాయో చూపించండి. ఎన్ని వారాలకు ఎన్ని కలయికలు జరిగాయి, స్కూలు హాజరు ఎలా ఉంది, ఓపెన్ టెన్త్‌లో ఎన్ని పేపర్లు రాశాడు. ఇవి రిజిస్టర్‌లో ఉంటే చాలు. తెగిపోయిన జతలనూ రాయండి, ఎందుకు తెగాయో రాయండి. పిల్లల కన్నీటి కథలు, ఫొటోలు అడిగే దాతకు మర్యాదగా కుదరదని చెప్పండి.

18 నిండితే ఇక మన పని అయిపోయినట్టేనా?

కాగితం మీద అంతే. మనిషి మీద కాదు. బాలల గృహాల్లో పెరిగి 18కి బయటికొచ్చేవాళ్లకు 21 ఏళ్ల దాకా ఆఫ్టర్‌కేర్ సాయం ఉంది, దాని కోసం ముందే అడగాలి. ఇంటి దగ్గర ఉన్నవాళ్లకైతే 17వ ఏటే మొదలుపెట్టండి: సొంత బ్యాంకు ఖాతా, ఓటరు కార్డు, డ్రైవింగ్ లైసెన్స్, ఏ కాగితం మీదైనా చదవకుండా సంతకం పెట్టకపోవడం. ఎవడో స్నేహితుడి లోన్ యాప్‌కు తన పేరు ఇచ్చి చిక్కుల్లో పడ్డవాళ్లు పద్దెనిమిది దాటిన మొదటి ఏడాదిలోనే ఎక్కువ కనిపించారు మాకు.

"అన్నా, నేనూ మెంటర్ అవ్వొచ్చా?"

అవ్వొచ్చు. 18 నిండాలి, అందరిలాగే నీకూ వెరిఫికేషన్ ఉంటుంది, ఇంటర్వ్యూ ఉంటుంది. నీ సొంత గల్లీ పిల్లాడిని ఇవ్వం, నీ పాత గొడవలు వాడి మీద పడకూడదు కదా. మొదటి ఆరు నెలలు ఇంకో మెంటర్‌తో కలిసి కూర్చుంటావు. వచ్చే ఏడాది మొత్తం ఆదివారాలు ఖాళీగా ఉంటాయా లేదా అని ముందు మీ ఇంట్లో, నీ ఓనర్ దగ్గర అడిగి తెలుసుకో. ఉంటాయంటే ఈ ఆదివారం నాలుగింటికి హాల్ దగ్గరికి రా, రెండు పాస్‌పోర్ట్ ఫొటోలు, టెన్త్ మెమో జిరాక్స్ పట్టుకుని.